పేద దేశాల కోసం పశువులు, చేపల పెంపకంపై పరిశోధన: పెట్టుబడి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ పెట్టుబడి అంటే షేర్లు కొనడం లాంటిదా?

కాదు. ప్రభుత్వాలు, అభివృద్ధి బ్యాంకులు, దాతృత్వ సంస్థలు, కొంతవరకు కంపెనీలు పరిశోధన కోసం పెట్టే డబ్బు గురించి ఇక్కడ మాట్లాడుతున్నాం. ఇచ్చినవాళ్ల ఖాతాలోకి ఇది వడ్డీతో తిరిగి రాదు. చావకుండా బతికిన పశువుగా, పెరిగిన పాలుగా, కాస్త చవకగా దొరికే చేపగా అది రైతుకూ, కొనుక్కుని తినేవాళ్లకూ చేరుతుంది. ఎవరికి ఎంత మేలు జరిగిందో లెక్కకట్టడం కష్టం కాబట్టే బడ్జెట్ కోతలు వచ్చినప్పుడు ఈ ఖర్చు మీద ముందు కత్తి పడుతుంది.

ఈ పరిశోధన ఎవరు చేస్తారు?

అంతర్జాతీయంగా చూస్తే 1971లో మొదలైన సీజీఐఏఆర్ అనే పరిశోధన కేంద్రాల కూటమి ముఖ్యమైనది. పశువుల కోసం అందులో ఇల్రి (అంతర్జాతీయ పశు పరిశోధన సంస్థ) ఉంది. నైరోబీలో, అడిస్ అబాబాలో వేరువేరుగా నడిచిన రెండు కేంద్రాలను 1994లో కలిపి దాన్ని ఏర్పాటు చేశారు. చేపల కోసం వరల్డ్‌ఫిష్ ఉంది, దాని ప్రధాన కార్యాలయం మలేషియాలోని పెనాంగ్‌లో. వీటితో పాటు బ్రెజిల్‌లో ఎంబ్రాపా లాంటి జాతీయ సంస్థలు, వెటర్నరీ కాలేజీలు, మత్స్య పరిశోధన కేంద్రాలు పనిచేస్తుంటాయి. పేరు ఎక్కువగా అంతర్జాతీయ కేంద్రాలకే వస్తుంది. రోజువారీ పనిలో పెద్ద భాగాన్ని మోసేది మాత్రం జాతీయ సంస్థలే.

పంటల మీద పరిశోధన ఉండగా పశువులు, చేపల మీద విడిగా ఎందుకు?

పేద కుటుంబానికి ఆవు, మేక, నాలుగు కోళ్లు ఇంట్లో ఉన్న బ్యాంకు లాంటివి. పిల్లాడి ఫీజు కట్టాలన్నా, ఆసుపత్రి ఖర్చు మీద పడ్డా ఒక మేకను అమ్ముతారు. పంట పోయిన ఏడాది ఇల్లు గడిచేదీ వాటి మీదే. దుక్కి, ఎరువు, రవాణా వాటికి అదనం.

తిండి సంగతి ఇంకా ముఖ్యం. గింజలతో కడుపు నిండుతుంది. బి12 విటమిన్, ఒంటికి బాగా పట్టే ఇనుము, జింకు చిన్నపిల్లలకు అందాలంటే పాలు, గుడ్లు, చేపలు, మాంసం సులువైన దారి. రెండేళ్లలోపు పిల్లలకు ఇవి కొంచెం దొరికినా ఎదుగుదలలో తేడా వస్తుంది.

చేపల విషయంలో లెక్కలే మారిపోయాయి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ అంచనా ప్రకారం 2022లో చేపలు, రొయ్యల వంటి జలచరాల పెంపకం 94.4 మిలియన్ టన్నులకు చేరి, సముద్రాల్లో, నదుల్లో వేటాడి పట్టే పరిమాణాన్ని మొదటిసారి దాటింది. అందులో దాదాపు పదింట తొమ్మిది వంతులు ఆసియావే. ఆఫ్రికా వాటా చాలా చిన్నది. జనాభా వేగంగా పెరుగుతున్న ఖండం అది. రాబోయే రోజుల్లో అక్కడ చేప ఎక్కడి నుంచి వస్తుందన్నది ఇప్పుడు జరిగే పరిశోధన మీదే ఆధారపడి ఉంది.

ధనిక దేశాల్లో ఇంత పరిశోధన జరిగింది కదా. అదే తెచ్చుకుంటే సరిపోదా?

కొంత సరిపోతుంది. వ్యాక్సిన్ తయారుచేసే పద్ధతులు, జన్యువులను చదివే యంత్రాలు, గణాంక పద్ధతులు ఎక్కడైనా పనికొస్తాయి. పశువును మాత్రం అలా తెచ్చి దింపలేం.

చల్లని దేశంలో రోజుకు ముప్పై లీటర్లు ఇచ్చే హోల్‌స్టీన్ ఆవును వేడి, తేమ ఉన్న చోటికి తెస్తే ముందు మేత తగ్గిస్తుంది, తర్వాత పాలు తగ్గిస్తుంది, సమయానికి ఎదకు రాదు. అది తినే దాణా అక్కడ దొరకదు, దొరికినా గిట్టదు. దానికి తోడు పుట్టినచోట అది ఎన్నడూ చూడని జబ్బులు. తూర్పు, మధ్య, దక్షిణ ఆఫ్రికాలో పిడుదుల వల్ల వచ్చే ఈస్ట్ కోస్ట్ ఫీవర్ సోకితే ఇలాంటి ఆవు కొన్ని వారాల్లోనే చనిపోవచ్చు. త్సెత్సె ఈగలు మోసుకొచ్చే ట్రిపనోసోమా జబ్బుదీ ఇదే కథ. పశ్చిమ ఆఫ్రికాలోని న్‌డామా అనే పొట్టి ఆవు జాతి ఆ జబ్బును చాలావరకు తట్టుకుంటుంది. ఎలా తట్టుకుంటుందన్న ప్రశ్న ఐరోపా రైతులకు అవసరం లేదు. అందుకే ఆ పరిశోధన అక్కడ దానంతట అది జరగదు.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. మన ఒంగోలు జాతి పశువులు బ్రెజిల్ వెళ్లి, అక్కడ నెలోరె పేరుతో ఆ దేశపు మాంసం పశువుల మందలో అతిపెద్ద భాగమయ్యాయి. వేడిని, పురుగును తట్టుకునే గుణం ఇక్కడి నుంచి వెళ్లింది. దశాబ్దాల పాటు బరువులు రాసి, ఎంపికచేసి, దానికి తగ్గ గడ్డిని అభివృద్ధి చేసిన పని అక్కడ జరిగింది. ఆ గడ్డి కూడా ఆఫ్రికా నుంచి వచ్చిన బ్రాకియేరియానే. మంచి జాతి ఉన్నంత మాత్రాన చాలదు, దాని మీద కూర్చుని పనిచేసే వ్యవస్థ ఉండాలి. ఆ వ్యవస్థకే డబ్బు కావాలి.

నిజంగా ఫలితం వచ్చిన ఉదాహరణ ఒకటి చెప్పగలరా?

రిండర్‌పెస్ట్ అనే ముసర వ్యాధి. 1880ల చివర్లో అది ఆఫ్రికాలోకి వచ్చి 1890ల్లో పాకినప్పుడు తూర్పు, దక్షిణ ప్రాంతాల్లో పదింట ఎనిమిది, తొమ్మిది పశువులు చచ్చిపోయాయి. దుక్కిటెద్దులు లేక, పాలు లేక ఇథియోపియాలో ఘోరమైన కరువు వచ్చింది. 1960ల మొదట్లో వాల్టర్ ప్లోరైట్ అనే పశువైద్య శాస్త్రవేత్త కెన్యాలోని ముగుగాలో పనిచేస్తూ చవకైన, నమ్మదగ్గ వ్యాక్సిన్ తయారుచేశారు. ఒక్క డోసుతో పశువుకు చాలాకాలం రక్షణ ఉండేది.

వ్యాక్సిన్ వచ్చింది కాబట్టి జబ్బు పోయిందని చాలామంది అనుకుంటారు. అలా జరగలేదు. 1962 నుంచి 1970ల మధ్య దాకా ఆఫ్రికాలో పెద్ద ఎత్తున టీకాలు వేసే కార్యక్రమం నడిచింది. జబ్బు దాదాపు కనుమరుగైంది. ఇక చాలనుకుని నిధులు, టీకాలు, నిఘా తగ్గించారు. మూలల్లో మిగిలిన కొద్దిపాటి వైరస్ 1980ల్లో మళ్లీ విరుచుకుపడింది. అంతకుముందు పెట్టిన ఖర్చులో చాలా భాగం మళ్లీ పెట్టాల్సి వచ్చింది.

రెండో విడతలో తేడా తెచ్చింది ఒక చిన్న మార్పు. పాత వ్యాక్సిన్‌ను ఐసులో పెట్టి మోయాలి. రోడ్డు, కరెంటు లేని చోట, మందలతో తిరిగే సంచార కాపరుల దగ్గరికి ఐసు పెట్టె చేరేలోపే మందు పాడైపోయేది. 1990 ప్రాంతంలో పశువైద్యుడు జెఫ్రీ మారినర్ బృందం అదే వ్యాక్సిన్‌ను ఎండబెట్టే పద్ధతి మార్చి, ఐసు లేకుండానే వారాల తరబడి నిలిచేలా చేసింది. ఆ సీసాలను సంచిలో వేసుకుని కాపరుల్లోనే శిక్షణ పొందిన వాళ్లు నడిచి వెళ్లి టీకాలు వేశారు. ఏ మందలో జబ్బు ఉందో కాపరులకు డాక్టర్ల కంటే ముందే తెలిసేది. చివరి కేసు 2001లో కెన్యాలో కనిపించింది. 2011లో ప్రపంచం నుంచి ఈ జబ్బు పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి పూర్తిగా తుడిచిపెట్టిన రెండో జబ్బు ఇదే.

ఇప్పుడు గొర్రెలు, మేకలకు వచ్చే పీపీఆర్ అనే పారుడు రోగాన్ని 2030కల్లా నిర్మూలించాలన్న లక్ష్యం ఉంది. వైరస్ రిండర్‌పెస్ట్‌కు దగ్గరి బంధువు, వ్యాక్సిన్ ఉంది, దారి తెలుసు. మధ్యలో నిధులు ఆపేస్తే ఏమవుతుందో కూడా తెలుసు.

చేపల్లో అలాంటిది ఏదైనా ఉందా?

గిఫ్ట్ తిలాపియా అనే పెంపకం చేప రకం. దాన్ని తయారుచేసే పని 1988లో ఫిలిప్పీన్స్‌లో మొదలైంది. ఈజిప్టు, ఘనా, కెన్యా, సెనెగల్ దేశాల నుంచి నదుల్లో దొరికే నైలు తిలాపియాలను తెచ్చి, ఫిలిప్పీన్స్‌లో అప్పటికే పెంచుతున్న నాలుగు రకాలతో కలిపారు. సాల్మన్ చేపల మీద నార్వే వాళ్లు నేర్చుకున్న ఎంపిక పద్ధతిని తిలాపియాకు వాడారు. జన్యువుల్ని కోసి అతికించే పని ఇందులో లేదు.

పని ఎలా జరుగుతుందో కొంచెం దగ్గరగా చూడండి. ఒక్కో జతకు పుట్టిన పిల్లల్ని విడివిడిగా హాపా అనే వల పంజరాల్లో పెంచుతారు. వేలెడంత పెరిగాక ప్రతి చేపకూ గుర్తు తగిలించి, అన్ని కుటుంబాల చేపల్ని ఒకే చెరువులో కలుపుతారు. నీళ్లూ మేతా అందరికీ ఒకటే కాబట్టి తేడా ఉంటే అది పుట్టుకతో వచ్చిందే. కొన్ని నెలల తర్వాత వల లాగి, ఒక్కో చేపనూ తూచి, గుర్తు చూసి రాసుకుంటారు. బాగా పెరిగిన కుటుంబాల నుంచి మంచివాటిని ఏరి, దగ్గరి బంధువులు జతకలవకుండా చూసి, తర్వాతి తరానికి తల్లిదండ్రులను చేస్తారు. మళ్లీ హాపాలు, మళ్లీ గుర్తులు, మళ్లీ తూకం.

తరానికి పది శాతానికి పైగా పెరుగుదల వచ్చింది. కొన్ని తరాలు తిరిగేసరికి మొదటి చేపకంటే ఇది ఎనభై శాతానికి పైగా వేగంగా పెరగసాగింది. ఆసియాలో, లాటిన్ అమెరికాలో అనేక దేశాలకు వెళ్లింది. ఈజిప్టులో అబ్బాసా రకాన్ని, ఘనాలో అకోసొంబో రకాన్ని స్థానిక చేపలతోనే ఇదే పద్ధతిలో తయారుచేశారు. ఆఫ్రికా తిలాపియాకు పుట్టిల్లు. బయట తయారైన రకాన్ని అక్కడ వదిలితే నదుల్లోని సహజ జాతితో కలిసిపోతుందన్న భయం ఉండటం వల్ల అలా చేశారు. అది సరైన జాగ్రత్త అనే నా అభిప్రాయం. సహజ జాతి ఒకసారి చెడితే తర్వాత ఏరుకోవడానికి ఏమీ మిగలదు.

పెట్టిన రూపాయికి ఎంత వస్తుంది?

సీజీఐఏఆర్ పరిశోధన మొత్తం మీద 2020లో వచ్చిన ఒక విస్తృత సమీక్ష, పెట్టిన ఒక్కో డాలరుకు సుమారు పది డాలర్ల మేలు జరిగిందని తేల్చింది. అందులో పంటల పరిశోధన వాటా పెద్దది. అందుకే పశువుల, చేపల ప్రాజెక్టు ప్రతిదానికీ పది రెట్లు వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. సగటు అంకె వెనక కొన్ని భారీ విజయాలు, ఎన్నో మామూలు ఫలితాలు, కొన్ని పూర్తి వైఫల్యాలు ఉంటాయి. ఏది విజయమవుతుందో ముందే తెలియదు కాబట్టి ఒకే ప్రాజెక్టు మీద కాకుండా చాలావాటి మీద డబ్బు పెట్టడమే తెలివైన పని.

ఫలితం రావడానికి ఎన్నేళ్లు పడుతుంది?

తిలాపియా ఏడాదిలోపే గుడ్లు పెడుతుంది కాబట్టి ఐదారేళ్లలో తేడా తెలుస్తుంది. ఆవు విషయంలో అలా కుదరదు. దూడ పుట్టి, పెరిగి, చూడి కట్టి, ఈని, ఎన్ని పాలిస్తుందో తెలిసేసరికి మూడు నాలుగేళ్లు గడిచిపోతాయి. అలాంటి తరాలు కొన్ని కావాలి. మామూలు ప్రాజెక్టు గ్రాంటు మూడు నుంచి ఐదేళ్లు. అంటే మొదటి తరం దూడలు పాలివ్వడం మొదలుపెట్టే సమయానికి ప్రాజెక్టు చివరి నివేదిక రాసేస్తున్నారు! ఈ రంగంలో అన్నిటికంటే పెద్ద లోపం ఇదేనని నాకు గట్టిగా అనిపిస్తుంది. రికార్డులు రాసేవాళ్లకు జీతం ఆగిన రోజున, అంతవరకు రాసిన రికార్డుల విలువ కూడా సగం పోతుంది.

ఇంత లాభం ఉంటే ప్రైవేటు కంపెనీలే చేస్తాయి కదా?

లాభం ఉన్నచోట చేస్తున్నాయి. పెద్ద ఫారాల్లో పెంచే బ్రాయిలర్ కోళ్ల జాతులు, రొయ్యల మేత, పెద్ద డెయిరీల మందులు చాలావరకు కంపెనీల పనే. డబ్బు చెల్లించే కొనుగోలుదారు లేనిచోట అవి రావు. వాటిని తప్పుపట్టి లాభం లేదు.

బద్దెపురుగు సంగతి చూడండి. దాని తొలి దశ పంది కండల్లో ఉంటుంది. సరిగ్గా ఉడకని ఆ మాంసం తిన్న మనిషి పేగుల్లో పురుగు పెరుగుతుంది. ఆ మనిషి మలం ద్వారా గుడ్లు బయటికొచ్చి, మురికి చేతుల వల్లో, తిండి వల్లో ఇంకొకరి కడుపులోకి వెళ్తే మెదడులో తిత్తులు ఏర్పడి మూర్ఛ వస్తుంది. పేద దేశాల్లో నివారించగలిగే మూర్ఛకు ఇది ముఖ్య కారణం. పందికి వేసే మంచి వ్యాక్సిన్ ఆస్ట్రేలియాలో పుట్టింది, ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ అనే కంపెనీ దాన్ని తయారుచేస్తోంది. చిక్కేమిటంటే పంది పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. టీకా వేయించిన రైతుకు ఒక్క కిలో బరువు కూడా అదనంగా రాదు. లాభం ఎవరో తెలియని పిల్లాడిది. అతని తరఫున డబ్బు కట్టాల్సింది ప్రజా నిధులే.

పరిశోధన చేశాక కూడా రైతుకు చేరకపోతే?

చాలాసార్లు జరిగేది అదే. ఈస్ట్ కోస్ట్ ఫీవర్‌కు పనిచేసే టీకా పద్ధతి 1970ల నుంచే ఉంది. బతికున్న పరాన్నజీవిని కొద్ది మోతాదులో ఎక్కించి, జబ్బు ముదరకుండా అదే సమయంలో ఎక్కువకాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ ఇస్తారు. రక్షణ బాగుంటుంది. మందును మాత్రం అతి చల్లగా ఉండే లిక్విడ్ నైట్రోజన్‌లో ఉంచాలి. చాలాకాలం ఒక్కో గొట్టంలో పదుల డోసులు ఉండేవి, తెరిచాక ఆ పూటే వాడెయ్యాలి. రెండు ఆవులున్న మనిషి కోసం దాన్ని ఎవరు తెరుస్తారు? ఊరంతా ఒకే రోజు పశువుల్ని తోలుకొస్తే తప్ప కుదరదు. డోసుల ప్యాకింగ్, రవాణా, టీకా వేసేవాడి కూలి కూడా పరిశోధనలో భాగమేనని లెక్కవేసే దాతలు తక్కువ. ఉండాల్సింది వాళ్లే.

ఉత్తర కెన్యాలోని మార్సబిట్‌లో 2010లో మొదలైన పశు బీమా ఇంకో పాఠం. ఉపగ్రహం నుంచి పచ్చదనం కొలిచి, మేత బాగా తగ్గిన సీజన్లో కాపరులకు డబ్బు చెల్లిస్తారు. చచ్చిన పశువును చూడటానికి మనిషి వెళ్లనక్కర్లేదు. ఆలోచన మంచిది, కరువులో డబ్బు అందిన కుటుంబాలకు మేలు జరిగింది. కానీ ఉపగ్రహం లెక్కలో ప్రాంతం పచ్చగా ఉండి, ఒక కాపరి మంద మాత్రం చచ్చిపోవచ్చు. అతనికి పైసా రాదు, మళ్లీ ప్రీమియం కట్టడు. ఆ తేడాను తగ్గించడం కూడా పరిశోధన పనే.

పేదలకంటే పెద్ద రైతులే లాభపడరా?

జాగ్రత్త పడకపోతే అంతే. కొత్తది ఏదైనా ముందు అందుకునేది డబ్బు, భూమి ఉన్నవాళ్లే. అందుకే ఏ సమస్య మీద పనిచేస్తున్నారన్నది చూడాలి.

పెరటి కోళ్లను ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టే కొక్కెర తెగులుకు ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు ఐ-2 అనే వేడిని తట్టుకునే వ్యాక్సిన్ రూపొందించి, పేద దేశాల్లో తయారు చేసుకోవడానికి ఇచ్చారు. సూది అక్కర్లేదు. కోడిని చంకలో పక్కకు తిప్పి పట్టుకుని కంట్లో ఒక్క చుక్క వేస్తే చాలు, అది రెప్ప వేసేదాకా ఆగి వదిలేస్తారు. నేర్చుకోవడానికి ఒక పూట పడుతుంది. కోళ్లు ఎక్కువగా ఆడవాళ్ల చేతిలో ఉంటాయి కాబట్టి ఆ డబ్బూ వాళ్ల చేతికే వస్తుంది.

బంగ్లాదేశ్‌లో పోషకాహార శాస్త్రవేత్త శకుంతల థిల్‌స్టెడ్ చేసిన పని నాకు ఇంకా ఇష్టం. బొచ్చె, శీలావతి లాంటి కార్ప్ చేపపిల్లలు వదిలే ముందు చెరువులోని చిన్న చేపల్ని పనికిరానివని మందు పెట్టి చంపేవారు. వాటిలో మోలా అనే చేపలో విటమిన్ ఏ విపరీతంగా ఉందని, అదీ ముఖ్యంగా కళ్లలో, లోపలి భాగాల్లో ఉందని, తల తీసేస్తే సగం మేలు పోతుందని ఆమె బృందం చూపింది. కార్ప్‌లతో కలిపి పెంచినా కార్ప్ దిగుబడి తగ్గలేదు. పెద్ద చేప అమ్మకానికి, చిన్న చేప ఇంట్లో పిల్లల కంచంలోకి. 2021లో ఆమెకు వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చింది. అంతకుముందు 2005లో అదే బహుమతి మోడడుగు విజయ్ గుప్తాకు వచ్చింది. బాపట్లలో పుట్టిన ఆయన బంగ్లాదేశ్‌లో రోడ్డు పక్క గుంటల్లో, ఏడాదిలో కొన్ని నెలలే నీళ్లుండే మడుగుల్లో భూమిలేని మహిళల చేత చేపలు పెంచించారు.

పశువులు పెరిగితే వాతావరణానికి చేటు కదా?

ఈ ఆందోళన న్యాయమైనదే. నెమరువేసే పశువులు మీథేన్ అనే వాయువు వదులుతాయి, అది వాతావరణాన్ని బాగా వేడెక్కిస్తుంది. అయితే రోజుకు రెండు లీటర్లిచ్చే ఆవు తిన్నదంతా దాదాపు ఒంటిని నిలబెట్టుకోవడానికే పోతుంది. దానివల్ల లీటరు పాలకు వెలువడే మీథేన్ ఎన్నో రెట్లు ఎక్కువ. జబ్బుతో చచ్చిన దూడ అప్పటిదాకా వదిలిన మీథేన్‌కు ఒక్క చుక్క పాలు కూడా ఉండవు. మేత, ఆరోగ్యం బాగుపడితే తక్కువ పశువులతో అవే పాలు వస్తాయి. పశువుల సంఖ్య నిజంగా తగ్గుతుందా అన్నది విధానాల మీద ఆధారపడి ఉంటుంది, సైన్సు ఒక్కటే ఆ పని చేయలేదు. మాంసం అతిగా తినే ధనిక దేశాలు తగ్గించుకోవాలన్న వాదనను, వారానికి ఒక గుడ్డు దొరకని పిల్లల మీద రుద్దడం మాత్రం అన్యాయం.

చేపల మేతలోనూ చిక్కు ఉంది. సముద్రంలో పట్టిన చిన్న చేపల్ని పొడిచేసి చెరువు చేపలకు పెడితే పేదవాడు తినే చేప కరువవుతుంది. పశ్చిమ ఆఫ్రికా తీరంలో సార్డినెల్లా అనే చిన్న చేప విషయంలో సరిగ్గా ఈ గొడవే నడుస్తోంది. పురుగుల పొడి, నూనెగింజల చెక్క, వ్యవసాయ వ్యర్థాలతో మేత తయారుచేసే పరిశోధన అందుకే అవసరం. పెంపకం ఖర్చులో సగానికి పైగా మేతదే కాబట్టి రైతుకూ ఇదే ముఖ్యం.

యాంటీబయాటిక్స్ వాడకం పెరిగిపోదా?

పెరుగుతుంది, వ్యాక్సిన్లు, జబ్బేదో తేల్చే పరీక్షలు లేకపోతే. నార్వేలో 1980ల చివర్లో సాల్మన్ పెంపకానికి ఏడాదికి దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్స్ వాడేవారు. చేపలకు మంచి వ్యాక్సిన్లు వచ్చాక, ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగినా, వాడకం నామమాత్రానికి పడిపోయింది. అక్కడ సాల్మన్‌కు చేసిన పనిని తిలాపియాకు, కార్ప్‌కు, పాంగాసియస్‌కు చేయడానికి డబ్బు పెట్టేవాళ్లు కావాలి.

డబ్బు ఇవ్వాలనుకునే సంస్థ ఏం చూసుకోవాలి?

మొదటి ప్రశ్న: గ్రాంటు అయిపోయాక తల్లి చేపల్ని, మూల మందను, నమూనాల ఫ్రీజర్‌ను ఎవరు పోషిస్తారు? సమాధానం లేకపోతే ముందు దానికే డబ్బు కేటాయించండి. ఆ దేశపు శాస్త్రవేత్తలు ప్రాజెక్టును నడుపుతున్నారా, లేక నమూనాలు సేకరించి పంపడానికే పరిమితమయ్యారా అన్నది చూడండి. రైతు ఆ మందును, చేపపిల్లను ఎవరి దగ్గర, ఎంతకు కొనాలో ప్రతిపాదనలో రాసి ఉండాలి. కొత్త భవనాలకంటే టెక్నీషియన్ల జీతాలకు, పీహెచ్‌డీ విద్యార్థులకు ఇచ్చిన డబ్బు ఎక్కువకాలం నిలుస్తుంది. గడువు కనీసం పదేళ్లు పెట్టుకోండి. మధ్యలో ఫలితం బాగోలేదని తేలితే ఆపేయడానికి కూడా ముందే ఒక తేదీ రాసుకోండి.

నా దగ్గర అంత డబ్బు లేదు. నేనేం చేయగలను?

ప్రతి దేశపు బడ్జెట్లో పశుసంవర్ధక, మత్స్య శాఖల పరిశోధనకు ఎంత ఇచ్చారో, అందులో ఎంత ఖర్చయిందో అడగవచ్చు. విద్యార్థులైతే వెటర్నరీ, ఫిషరీస్‌తో పాటు గణాంకాలు, జన్యుశాస్త్రం నేర్చుకోండి. ఈ రంగంలో ఎక్కువగా దొరకనిది, డేటాను ఏళ్లతరబడి శుభ్రంగా ఉంచి చదవగల మనుషులే. ఇల్రి, వరల్డ్‌ఫిష్ తమ ప్రచురణల్ని, శిక్షణ పుస్తకాల్ని చాలావరకు ఉచితంగా ఇస్తాయి. వాటిలో పనికొచ్చేవాటిని రైతులు చదవగలిగే తేలిక తెలుగులోకి తేగలిగినవాళ్లు ఆ పని ఇవాళే మొదలుపెట్టవచ్చు.